క్యాంపింగ్‌కి ఏ సామాను కొనాలి, అక్కడ ఏం వండుకోవాలి: మొదటి నుంచి చివరి దాకా

క్యాంపింగ్ సామాను కొందామని బయల్దేరిన వాళ్లు దాదాపు అందరూ ముందు టెంట్ దగ్గర ఆగిపోతారు. కంటికి కనిపించేది అదే కాబట్టి డబ్బులో సింహభాగం దానికే పోతుంది. స్లీపింగ్ బ్యాగ్ ఏదో ఒకటి తీసుకుంటారు. మ్యాట్ దగ్గరికొచ్చేసరికి చేతిలో మిగిలిన చిల్లరతో సరిపెట్టుకుంటారు. నా లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. ఒంటికి ఏది దగ్గరగా ఉంటుందో దాని మీద ముందు ఖర్చు పెట్టాలి. నేలకీ వీపుకీ మధ్య ఉండే మ్యాట్ మొదట, దాని మీద పరుచుకునే స్లీపింగ్ బ్యాగ్ తర్వాత, టెంట్ ఆ తర్వాతే. మామూలు టెంట్‌లో కూడా మంచి మ్యాట్ ఉంటే నిద్ర పడుతుంది. ఖరీదైన టెంట్‌లో పల్చటి మ్యాట్ వేసుకుంటే రాత్రంతా అటూ ఇటూ దొర్లడమే.

వంట సంగతీ అంతే. అక్కడ చేయాల్సిన పని ఎంత తగ్గితే భోజనం అంత బాగా కుదురుతుంది. కొలవడం, తరగడం, కలపడం ఇంట్లోనే ముగించుకోవాలి. క్యాంప్‌లో నీళ్లు మరిగించడం, గిన్నెకి మూత పెట్టడం మాత్రమే మిగలాలి.

మొదటి అడుగు: మూడు ప్రశ్నలు

ఏదైనా కొనే ముందు కాగితం మీద మూడు జవాబులు రాసుకోండి.

అక్కడ తెల్లవారుజామున ఎంత చలి ఉంటుంది? పగటి ఎండ చూసి మోసపోవద్దు. రాత్రి మొత్తంలో బాగా చల్లబడేది సూర్యోదయానికి కాస్త ముందు. పైగా వాతావరణ సూచనలో కనిపించే ఉష్ణోగ్రత చాలాసార్లు దగ్గర్లో ఉన్న ఊరిది, మీరు ఉండబోయే కొండది కాదు. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుందని లెక్క. 500 మీటర్ల ఎత్తున్న ఊళ్లో కనిష్ఠం 16 డిగ్రీలు అని చూపిస్తే, 2,000 మీటర్ల ఎత్తున్న మకాంలో సుమారు 6 డిగ్రీలు ఉంటుందనుకుని సిద్ధపడాలి. లోయ అడుగున అయితే చల్లగాలి కిందికి దిగి పేరుకుంటుంది కాబట్టి ఇంకో రెండు మూడు డిగ్రీలు తగ్గించి లెక్క వేసుకోవడం మేలు.

రెండో ప్రశ్న, సామాను ఎవరు మోస్తారు? బండి ఆపిన చోటే టెంట్ వేస్తే బరువు గురించి ఆలోచించక్కర్లేదు. మందపాటి పరుపు, రెండు బర్నర్ల స్టవ్, మడత కుర్చీలు అన్నీ తీసుకెళ్లొచ్చు. నడిచి వెళ్లాలంటే మాత్రం ప్రతి వస్తువునీ తూకం వేయాల్సిందే. ఈ రెండింటికీ ఒకే సామాను పనికొస్తుందని ఆశపడితే రెండు చోట్లా ఇబ్బందే. మొదటిసారి వెళ్తున్న వాళ్లు బండి పక్కనే మకాం పెట్టే తరహా ఎంచుకోవడం మంచిది. ఏదైనా మర్చిపోయినా, వాన ముదిరినా తిరిగి రావడం తేలిక.

మూడోది, నీళ్లు ఎక్కడ? మకాం పక్కనే ఉన్నాయా, గంట నడవాలా, అసలు లేవా? వంట జాబితా మొత్తం దీని మీదే ఆధారపడి ఉంటుంది.

రెండో అడుగు: కింద నుంచి మొదలుపెట్టండి

స్లీపింగ్ బ్యాగ్‌లో వెచ్చదనాన్ని పట్టి ఉంచేది అందులో ఉబ్బి ఉండే గాలి. మనం పడుకోగానే వీపు కింద ఉన్న బ్యాగ్ భాగం నలిగి ఆ గాలి కాస్తా బయటికి పోతుంది. అంటే కింది వైపు బ్యాగ్ ఉన్నా లేనట్టే. నేల మన ఒంట్లోని వేడిని నేరుగా లాగేస్తుంది. దాన్ని ఆపేది మ్యాట్ ఒక్కటే. "బ్యాగ్ మంచిదే కొన్నాను, అయినా చలేసింది" అనేవాళ్లలో చాలామందికి అసలు లోటు ఇక్కడే ఉంటుంది.

మ్యాట్ వేడిని ఎంత ఆపగలదో ఆర్-వాల్యూ అనే అంకె చెబుతుంది. అంకె పెరిగేకొద్దీ రక్షణ పెరుగుతుంది. వెచ్చటి రాత్రులకు 2 లోపు ఉన్నా సరిపోతుంది. చల్లటి రాత్రులకు 3 నుంచి 4 దాకా, గడ్డకట్టే చలికి 5 అంతకన్నా ఎక్కువ కావాలి. ఏఎస్‌టీఎం ఎఫ్3340 ప్రమాణం ప్రకారం కొలిచిన అంకె అయితే ఒక కంపెనీ మ్యాట్‌ని ఇంకో కంపెనీ దానితో ధైర్యంగా పోల్చుకోవచ్చు. ఇంకో సౌకర్యం ఏమిటంటే ఈ అంకెల్ని కూడుకోవచ్చు. 2 ఉన్న ఫోమ్ మ్యాట్ మీద 3 ఉన్న గాలి మ్యాట్ వేస్తే 5 అవుతుంది.

ఫోమ్ మ్యాట్‌కి చిల్లు పడే భయం లేదు, చవక, తేలిక. కానీ పల్చగా ఉంటుంది, మడిచినా చోటు ఎక్కువ తీసుకుంటుంది. గాలి మ్యాట్ చిన్నగా చుట్టుకుంటుంది, పక్కకి తిరిగి పడుకునే వాళ్లకి తుంటి నేలకి తగలకుండా కాపాడుతుంది. చిల్లు పడితే మాత్రం ఆ రాత్రి ఇక అంతే, కాబట్టి చిల్లుకి అతుకు వేసుకునే ప్యాచ్ కిట్ వెంట ఉండాలి. చలికాలంలో నేనైతే పల్చటి ఫోమ్ కింద, గాలి మ్యాట్ పైన వేయమంటాను. గాలి దిగిపోయినా కింద ఏదో ఒకటి మిగులుతుంది. ఒక్క జాగ్రత్త. పేరుకి పరుపే అయినా లోపల ఏ పొరా లేని మామూలు గాలి పరుపులు చలిని ఆపవు. లోపలి గాలి అటూ ఇటూ తిరుగుతూ ఒంట్లో వేడిని నేలకి చేరవేస్తుంది.

మూడో అడుగు: స్లీపింగ్ బ్యాగ్

బ్యాగ్ మీద పెద్ద అక్షరాలతో రాసే డిగ్రీని నమ్మి కొనకండి. లోపలి లేబుల్ చూడండి. ఐఎస్ఓ 23537 ప్రమాణం ప్రకారం పరీక్షించిన బ్యాగ్ మీద మూడు అంకెలు ఉంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. కంఫర్ట్ అంటే చలికి కాస్త తొందరగా వణికే మనిషి కూడా హాయిగా పడుకోగలిగే ఉష్ణోగ్రత. లిమిట్ అంటే ముడుచుకుని పడుకుంటే ఎలాగోలా రాత్రి గడిచేది. ఎక్స్‌ట్రీమ్ అన్నది ప్రాణం నిలుపుకోవడానికి సంబంధించిన అంకె, నిద్రకి సంబంధించింది కాదు. ఆ చలిలో ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవచ్చు. అమ్మకాల కోసం ఎక్కువగా చూపించేది రెండోదో మూడోదో. మీరు చూడాల్సింది కంఫర్ట్ ఒక్కటే. మొదటి ప్రశ్నకి రాసుకున్న డిగ్రీ కన్నా కంఫర్ట్ అంకె మూడు నాలుగు డిగ్రీలు తక్కువ ఉంటే టెన్షన్ లేదు.

లోపల నింపేవి రెండు రకాలు. డౌన్ అంటే బాతుల ఈకల కింద ఉండే మెత్తటి నూగు. తక్కువ బరువులో ఎక్కువ వెచ్చదనం ఇస్తుంది, గుప్పెడంత అయ్యేలా నొక్కొచ్చు. తడిస్తే మాత్రం ముద్దకట్టి పనికిరాకుండా పోతుంది, ఆరడానికి చాలా సమయం పడుతుంది. సింథటిక్ బరువెక్కువ, చోటూ ఎక్కువే, కానీ తేమ తగిలినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది, ధర తక్కువ. వాన, తేమ ఎక్కువగా ఉండే చోట్లకి వెళ్లేవాళ్లకి, పిల్లల కోసం కొనేవాళ్లకి సింథటిక్ నయం.

పడుకునే ముందు ఏదైనా కొవ్వున్న పదార్థం కొంచెం తినండి, బాత్రూమ్ పని ముగించుకోండి, పొడి బట్టలు మార్చుకోండి. బ్యాగ్ మనకి వేడి ఇవ్వదు, మన వేడిని దాచిపెడుతుంది అంతే. మూత గట్టిగా బిగిసే సీసాలో వేడినీళ్లు పోసి, సాక్సులో పెట్టి కాళ్ల దగ్గర ఉంచుకుంటే చలి రాత్రుల్లో ఎంత సుఖమో చెప్పలేను.

నాలుగో అడుగు: ఇప్పుడు టెంట్

"ఇద్దరికి" అని రాసి ఉన్న టెంట్‌లో ఇద్దరు పట్టేది నిజమే, సామాను సంచులు బయట పెడితే. ఇద్దరి టెంట్ల లోపలి వెడల్పు సాధారణంగా 125 నుంచి 130 సెంటీమీటర్లు. వెడల్పాటి మ్యాట్ ఒక్కోటి 64 సెంటీమీటర్లు. రెండు పరిస్తే 128, గోడకి గోడ సరిపోతుంది. మోసే పని లేకపోతే ఉన్న మనుషుల కన్నా ఒకరికి ఎక్కువ పట్టేది తీసుకోండి.

బట్ట ఎంత నీటి ఒత్తిడిని ఆపుతుందో మిల్లీమీటర్లలో రాస్తారు. పైన కప్పే రెయిన్‌ఫ్లైకి 1,500 మి.మీ. పైన, మన మోకాళ్ల బరువు పడే అడుగు భాగానికి 3,000 మి.మీ. చుట్టుపక్కల ఉంటే మామూలు వానలకి చాలు. అంకె బాగున్నా కుట్ల మీద టేపు లేకపోతే నీళ్లు కుట్ల నుంచే దిగుతాయి. కొనేటప్పుడు రెయిన్‌ఫ్లైని తిరగేసి కుట్ల వెంట వేలు పెట్టి చూడండి. నున్నగా, ప్లాస్టిక్ పట్టీ అతికించినట్టు తగలాలి. టెంట్‌ని నిలబెట్టే కడ్డీలు, అంటే పోల్స్, అల్యూమినియంవి అయితే వంగినా సరిచేయొచ్చు. ఫైబర్‌గ్లాస్ చవకే కానీ చీలిపోతుంది.

పొద్దున్న లేచేసరికి లోపలి గోడలు తడిగా ఉంటే టెంట్ కారిందని అనుకోవద్దు. మన ఊపిరిలోని తేమే చల్లటి బట్ట మీద నీటి చుక్కలుగా మారుతుంది. రెండు పొరల టెంట్ తీసుకోవడం, చలేసినా సరే గాలి కిటికీలు కొంచెం తెరిచి ఉంచడం దీనికి మందు.

టెంట్ వేసే చోటు గురించి రెండు మాటలు. పల్లంలో వేయొద్దు, వాన పడితే నీళ్లన్నీ అక్కడికే చేరతాయి. ఎండిన వాగులో అసలే వద్దు, పైన ఎక్కడో కురిసిన వాన ఇక్కడ వరదై రావచ్చు. తలెత్తి చూడండి, ఎండిపోయిన కొమ్మలు వేలాడుతుంటే ఆ చెట్టు కింద పడుకోకండి. కింద పరిచే గ్రౌండ్‌షీట్ టెంట్ అంచులు దాటి బయటికి రాకూడదు. వస్తే వాన నీటిని పట్టి టెంట్ కిందికి తెచ్చి పోస్తుంది. టెంట్ తాళ్లని నేలకి బిగించే మేకులు, అంటే పెగ్గుల తల టెంట్ నుంచి బయటికి వాలేలా ఏటవాలుగా దిగ్గొట్టండి, తాడు లాగినా ఊడిరావు.

ఐదో అడుగు: మిగతా సామాను

నడిచి వెళ్లే వాళ్లకి వీపున మోసే బ్యాగ్ ముఖ్యం. రెండు మూడు రాత్రులకి 50 నుంచి 60 లీటర్లది సరిపోతుంది. నింపిన బ్యాగ్ మీ బరువులో ఐదో వంతు దాటకుండా చూసుకోండి. బరువు మోయాల్సింది భుజాలు కాదు, తుంటి ఎముకలు. కాబట్టి నడుం బెల్టు ఆ ఎముకల పైన కూర్చునేలా ముందు బిగించి, ఆ తర్వాతే భుజం పట్టీలు లాగాలి. అడుగున స్లీపింగ్ బ్యాగ్, వీపుకి ఆనుకుని మధ్యలో తిండి, నీళ్ల లాంటి బరువులు, పైన వాన కోటు. లోపల ఒక పెద్ద మందపాటి ప్లాస్టిక్ సంచి వేసి అందులో సర్దితే బయటి కవర్ కన్నా బాగా తడవకుండా కాపాడుతుంది.

బట్టల్లో నూలు తగ్గించండి. చెమటకో వానకో తడిస్తే ఓ పట్టాన ఆరదు, ఒంటిని చల్లబరుస్తుంది. ఉన్ని గానీ పాలిస్టర్ గానీ పొరలు పొరలుగా వేసుకోవాలి. పడుకోవడానికి ఒక జత పొడి బట్టలు విడిగా ఉంచి, వాటిని పగలు ముట్టుకోకండి. చేతిలో టార్చి కన్నా తలకి పెట్టుకునే హెడ్‌ల్యాంప్ మేలు, వంట చేసేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ప్రథమ చికిత్స పెట్టె, విజిల్, చిన్న కత్తి, లైటర్‌తో పాటు తడవకుండా కట్టిన అగ్గిపెట్టె, గట్టి టేపు, పవర్ బ్యాంక్, నెట్ లేకపోయినా చూసుకోగలిగే మ్యాప్ ఉండాలి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్లండి.

ఆరో అడుగు: స్టవ్, గ్యాస్

క్యానిస్టర్, అంటే చిన్న గ్యాస్ డబ్బా, మీద మరతో బిగించే చిన్న స్టవ్ కొత్తవాళ్లకి అన్నింటికన్నా సులువు. వెలిగించడం, మంట తగ్గించడం ఇంట్లో స్టవ్ లాగే ఉంటుంది. ఎంత గ్యాస్ కావాలో అంచనా వేయడం కష్టం కాదు. గాలి లేని చోట ఒక లీటరు నీళ్లు మరగడానికి సుమారు 12 నుంచి 15 గ్రాముల గ్యాస్ పడుతుంది. ఇద్దరికి రోజుకి టీలతో కలిపి మూడున్నర లీటర్లు మరిగించాల్సి వస్తుందనుకోండి, 50 గ్రాములు దాటుతుంది. రెండు రోజులకి వంద పైమాటే. గాలికి, సన్నమంట మీద ఉడకడానికి ఇంకో సగం కలుపుకుంటే 160 దాకా వస్తుంది. 100 గ్రాముల క్యానిస్టర్ చాలదు, 230 గ్రాములది ధీమాగా సరిపోతుంది.

చలిలో గ్యాస్ ఉన్నా మంట నీరసంగా వస్తుంది. దానికి కారణం ఉంది. క్యానిస్టర్‌లో ఉండేది కొన్ని వాయువుల మిశ్రమం. మామూలు బ్యూటేన్ మైనస్ 0.5 డిగ్రీల దగ్గరే ఆవిరవడం ఆపేస్తుంది. ఐసోబ్యూటేన్ సుమారు మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తాయి. కాబట్టి చల్లటి చోట్లకి ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపినదే తీసుకోండి. ప్రొపేన్ ముందుగా అయిపోతుంది, అందుకే సగం వాడిన క్యానిస్టర్ కొత్తదానికన్నా చలికి తొందరగా మొండికేస్తుంది. రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగ్‌లో కాళ్ల దగ్గర పెట్టుకుంటే పొద్దున్నే బాగా వెలుగుతుంది. మంట దగ్గర పెట్టి వేడి చేయడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. అలాగే స్టవ్ చుట్టూ గాలి అడ్డు పూర్తిగా మూసి పెట్టకండి, వేడి కింద ఉన్న క్యానిస్టర్‌కి తగిలి పేలే ప్రమాదం ఉంది. గాలి వచ్చే వైపు, కాస్త దూరంగా, ఏదో ఒకటి అడ్డం పెట్టడం చాలు. విమానంలో వెళ్లేవాళ్లు గ్యాస్ క్యానిస్టర్లు పెట్టెలో గానీ చేతి సంచిలో గానీ తీసుకెళ్లకూడదు, దిగిన తర్వాతే కొనుక్కోవాలి.

ఎంత వాన పడుతున్నా, ఎంత చలిగా ఉన్నా టెంట్ లోపల స్టవ్ వెలిగించవద్దు. ఆరిపోతున్న నిప్పులు కూడా లోపలికి తేవద్దు. మూసి ఉన్న చోట కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వికారం మొదలయ్యేసరికే మనిషి తేరుకోలేని స్థితికి చేరవచ్చు. వాన తగ్గే దాకా వండకుండా తినగలిగేది తిని ఊరుకోండి. అందుకే ప్రతి ప్రయాణానికీ అలాంటి భోజనం ఒకటి వెంట ఉంచుకోమని చెబుతాను.

గిన్నెలు ఎక్కువ వద్దు. ఇద్దరికి ఒకటిన్నర లీటర్ల మూత గిన్నె ఒకటి, మనిషికో గ్లాసు, మనిషికో పొడవాటి చెంచా. ఇంతే.

ఏడో అడుగు: నీళ్లు

తాగడానికి, వంటకి కలిపి మనిషికి రోజుకి కనీసం మూడు నాలుగు లీటర్లు కావాలి, ఎండలో నడిస్తే ఇంకా ఎక్కువ. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా నేరుగా తాగకండి. అన్నింటికన్నా నమ్మకమైన పద్ధతి మరిగించడం. కుతకుత ఉడకడం మొదలయ్యాక ఒక నిమిషం, 2,000 మీటర్ల పైన మూడు నిమిషాలు ఉంచితే బ్యాక్టీరియా, వైరస్, పరాన్నజీవులు అన్నీ చస్తాయి. నడకలో వాడే ఫిల్టర్లు బ్యాక్టీరియానీ పరాన్నజీవుల్నీ ఆపుతాయి కానీ చాలావాటికి వైరస్‌లు చిక్కవు. జనం, పశువులు తిరిగే చోట నీళ్లయితే ఫిల్టర్ చేశాక మరిగించండి, లేదా క్లోరిన్ డయాక్సైడ్ బిళ్లలు వేసి కవరు మీద రాసిన సమయం ఆగండి. ఒకసారి తడిసిన ఫిల్టర్ గడ్డకడితే లోపలి సన్నని గొట్టాలు పగిలిపోతాయి, పైకి ఏమీ తెలియదు. చలి రాత్రుల్లో దాన్నీ పక్కలో పెట్టుకోవాలి. పొలాల మందులు, ఫ్యాక్టరీ వ్యర్థాలు కలిసిన నీటికి మాత్రం ఈ పద్ధతులేవీ సరిపోవు. అలాంటి చోటికి నీళ్లు మోసుకెళ్లడమే దారి.

ఎనిమిదో అడుగు: ఏం తినాలి, ఎంత తీసుకెళ్లాలి

రోజంతా నడిచే మనిషికి 600 నుంచి 800 గ్రాముల పొడి ఆహారం పట్టవచ్చు. బరువు తగ్గించాలంటే కొవ్వు పెంచాలి. పిండి పదార్థం, మాంసకృత్తులు గ్రాముకి 4 క్యాలరీలు ఇస్తే కొవ్వు 9 ఇస్తుంది. అందుకే వేరుశనగలు, బాదం, పీనట్ బటర్, చిన్న సీసాలో నూనె తప్పకుండా ఉండాలి. నడిచేటప్పుడు మధ్యాహ్నం స్టవ్ తీయకుండా రొట్టె, చీజ్, గింజలు, ఎండు పళ్లతో సరిపెట్టుకుంటే గ్యాసూ సమయమూ రెండూ కలిసొస్తాయి.

ఏది వండొచ్చో ఎంచుకునేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, ప్రతి 300 మీటర్లకీ సుమారు ఒక డిగ్రీ చొప్పున. 3,000 మీటర్ల దగ్గర నీళ్లు 90 డిగ్రీలకే మరుగుతాయి. మరుగుతున్నట్టే ఉంటుంది, గింజ మాత్రం ఉడకదు. శనగలు, రాజ్మా లాంటివి ఇంట్లోనే వదిలేయండి. రాజ్మా సరిగ్గా ఉడక్కపోతే అందులోని సహజ విషం వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. మసూర్ పప్పు, ఓట్స్, నూడుల్స్, సన్న సేమియా, కుస్‌కుస్ (గోధుమ రవ్వతో చేసే సన్నటి పలుకులు), బంగాళదుంప పొడి లాంటి తొందరగా మెత్తబడేవే క్యాంప్‌కి సరైనవి.

మొదటి రాత్రికి తాజా కూరగాయలు, గుడ్లు వాడేయండి. తర్వాతి రోజులన్నీ ఎండినవే. ఐస్ పెట్టె లేకుండా మాంసం, పాలు తీసుకెళ్లకండి. వండిన పదార్థం రెండు గంటలకి మించి బయట ఉంచకూడదు, 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే ఒక గంటే. మిగిలిన అన్నం పొద్దున్నకి దాచే అలవాటు ఇక్కడ పనికిరాదు. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, వెచ్చగా ఉన్న అన్నంలో పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. ఎంత తింటారో అంతే వండండి.

తొమ్మిదో అడుగు: మూడు వంటలు

పొద్దున్న ఓట్స్. ఇంట్లోనే మనిషికో జిప్ కవరు తయారుచేయండి: 70 గ్రాముల ఓట్స్, రెండు చెంచాల పాలపొడి, గుప్పెడు ఎండు ద్రాక్ష, పలుకులు చేసిన బాదం, చక్కెర, చిటికెడు ఉప్పు. అక్కడ గ్లాసులో వేసి 250 మి.లీ. మరిగిన నీళ్లు పోసి, కలిపి, ఐదు నిమిషాలు మూత పెట్టడమే. ఆ ఉప్పు మర్చిపోకండి, రుచి దానివల్లే వస్తుంది.

రాత్రికి పప్పు అన్నం ఒకే గిన్నెలో. దీన్ని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ పద్ధతి పట్టుబడితే మిగతా వంటలన్నీ వచ్చేసినట్టే. ఇద్దరికి 160 గ్రాముల బియ్యం, 100 గ్రాముల మసూర్ పప్పు, రెండూ ఇంట్లోనే ఏరి ఒకే కవరులో పోయండి. ఇంకో చిన్న కవరులో ఎండిన ఉల్లిపాయ, ఎండిన క్యారెట్, బఠాణీ. ఉప్పూ పసుపూ ఒక పొట్లంలో, మిరియాల పొడి ఇంకో పొట్లంలో. మకాం చేరగానే, టెంట్ విప్పడానికి ముందే, గిన్నెలో బియ్యం, పప్పు, ఎండు కూరగాయలు వేసి దాదాపు లీటరు శుభ్రమైన నీళ్లు పోసి మూత పెట్టండి. మీరు టెంట్ వేసి మ్యాట్‌లో గాలి నింపేలోపు అరగంట గడుస్తుంది, గింజ నానుతుంది.

ఇప్పుడు స్టవ్ వెలిగించి పెద్ద మంట మీద మరిగించండి. మసూర్ పప్పు నురగ కక్కుతుంది, ఈ రెండు మూడు నిమిషాలూ గిన్నె దగ్గరే ఉండి మూత తీసి కలుపుతుండాలి, లేకపోతే పొంగి స్టవ్ ఆరిపోతుంది. నురగ తగ్గాక ఉప్పు, పసుపు వేసి మంట బాగా తగ్గించి ఏడెనిమిది నిమిషాలు ఉడకనివ్వండి. అడుగంటకుండా చెంచాతో గిన్నె అడుగు గీకుతూ కలపాలి, పల్చటి క్యాంప్ గిన్నెలు నడిమధ్యలోనే మాడతాయి. ఇంకా జారుగా ఉన్నప్పుడే స్టవ్ కట్టేయండి. మూత గట్టిగా పెట్టి, గిన్నెని మందపాటి తువ్వాలులో చుట్టి ఫోమ్ ముక్క మీద ఉంచండి. గ్యాస్ లేకుండానే పావుగంటలో మిగతా ఉడుకు పూర్తవుతుంది. సింథటిక్ బట్టలో చుట్టకండి, వేడి గిన్నెకి కరిగి అంటుకుంటుంది. బాగా ఎత్తైన చోట స్టవ్ మీద ఇంకో పది నిమిషాలు ఉంచాల్సి వస్తుంది. విప్పాక రెండు చెంచాల నూనె, మిరియాల పొడి కలిపి వేడివేడిగా తినేయండి.

అలసిపోయిన రోజుకి నూడుల్స్. ఎండు పుట్టగొడుగులు, బఠాణీ చన్నీళ్లలోనే వేసి పదిహేను నిమిషాలు ఆగి, ఆ నీళ్లనే మరిగించి నూడుల్స్ వేయండి. చివర్లో చెంచాడు పీనట్ బటర్ కలిపితే పులుసు చిక్కబడుతుంది, కడుపూ నిండుతుంది.

వండే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. శానిటైజర్ ఒక్కటే చాలనుకోవద్దు, కడుపు పాడుచేసే నోరోవైరస్ మీద అది సరిగా పనిచేయదు. బృందంలో ఒకరికి విరేచనాలు పట్టుకుంటే అందరి ప్రయాణమూ ఆగిపోతుంది. ఎండు పళ్ల కవరులో చేయి పెట్టకుండా అరచేతిలోకి ఒంపుకుని తినే అలవాటు చేసుకుంటే ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

పదో అడుగు: తిన్న తర్వాత

గిన్నెలు వాగులో కడగవద్దు. నీళ్లు తోడుకుని కనీసం 60 మీటర్ల దూరం వచ్చి కడగండి, అది సహజమైన సబ్బు అయినా సరే. మెతుకులు వడకట్టి చెత్త సంచిలో వేసుకుని వెంట తెచ్చేయాలి. మల విసర్జనకి కూడా నీళ్లకీ, దారికీ, మకాంకీ అంతే దూరం వెళ్లి, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గొయ్యి తవ్వి పూడ్చాలి. మంట వేసుకోవడానికి అనుమతి ఉన్న చోటే వేసుకోండి. ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోయాలి. బూడిద చేతికి చల్లగా తగిలితేనే ఆరినట్టు.

తిండి ఏదీ టెంట్‌లో పెట్టుకోకండి. టూత్‌పేస్ట్ కూడా అందులోకే వస్తుంది. ఎలుకలు బట్ట కొరికేస్తాయి, ఎలుగుబంట్లు తిరిగే చోట అది ప్రాణాంతకం. అక్కడ వండే చోటు, తిండి దాచే చోటు పడుకునే చోటికి వంద మీటర్ల దూరంలో ఉండాలి. సంచిని నేల నుంచి నాలుగు మీటర్ల ఎత్తులో, మాను నుంచి దూరంగా కొమ్మకి వేలాడదీయొచ్చు. కొన్ని అడవుల్లో గట్టి డబ్బాలే వాడాలన్న నిబంధన ఉంటుంది, ముందే కనుక్కోండి.

ఇదంతా బయల్దేరే ముందు ఒకసారి ఇంటి దగ్గరే చేసి చూడండి. పెరట్లోనో డాబా మీదో టెంట్ వేసి, ఆ మ్యాట్ మీద పడుకుని, ఆరుబయట ఆ స్టవ్ మీదే పప్పు అన్నం వండుకోండి. తక్కువైన పెగ్గు, కారే గిన్నె, చాలని ఉప్పు అన్నీ ఆ ఒక్క రాత్రే బయటపడతాయి.

తిరిగొచ్చాక

అలసటతో సామాను మూల పడేయాలనిపిస్తుంది, కానీ టెంట్ తడిగా మడిచి ఉంచితే కొద్ది రోజుల్లోనే బూజు పడుతుంది, ఆ వాసన ఇక పోదు. ఆ రోజే నీడలో పరిచి ఆరబెట్టండి. ఎండలో ఎక్కువసేపు ఉంటే బట్ట బలం తగ్గుతుంది. గాలి మ్యాట్ వాల్వ్ తెరిచి వదులుగా ఉంచండి. స్లీపింగ్ బ్యాగ్‌ని చిన్న సంచిలో కుక్కి ఉంచకుండా పెద్ద నూలు సంచిలో వదులుగా వేయండి, లేకపోతే అందులోని ఉబ్బు పోయి చలిని ఆపడం మానేస్తుంది. ఫిల్టర్‌ని శుభ్రమైన నీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. క్యానిస్టర్‌ని వంటింటి తూకం మీద పెట్టి, కొత్తగా ఉన్నప్పటి బరువులోంచి ఇప్పటి బరువు తీసేసి, ఎంత గ్యాస్ వాడారో మార్కర్‌తో దాని మీదే రాయండి. ఎంతమందికి, ఎన్ని పూటలకి అన్నది కూడా పక్కనే రాస్తే వచ్చేసారి గ్యాస్ లెక్క వేసుకునే పని ఉండదు.